పరిగెత్తే కాలికి పడుకోబెట్టి పరీక్షలా?

పరుగులో వచ్చి, ఆగగానే తగ్గిపోయే కాలినొప్పి ఎక్స్‌రేకు దొరకదు, రక్తపరీక్షకూ దొరకదు. ఆస్పత్రి బల్ల మీద పడుకునే వేళకు నొప్పే ఉండదు కనుక, డాక్టరు నొక్కి చూసినా తేలేది తక్కువే. చివరికి "ఏమీ లేదు, కొన్నాళ్లు రెస్ట్ తీసుకో" అన్న మాట, నొప్పి మాత్రల చీటీ చేతికొస్తాయి. ఆగితే నొప్పి ఉండదని చెప్పింది రోగే. ఆ మాటనే తిప్పి అతనికి వైద్యంగా అప్పగించడం వైద్యం అనిపించుకోదు.

మోకాలి కింద కండరాలు నాలుగు అరల్లో ఉంటాయి: ముందు ఒకటి, బయటి పక్కన ఒకటి, వెనక పైన ఒకటి, లోతున ఒకటి. ఒక్కో అర చుట్టూ ఫేసియా అనే గట్టి పొర ఉంటుంది. పరుగులో కండరం రక్తంతో నిండి ఉబ్బుతుంది. పొర అంతగా సాగదు కనుక లోపల ఒత్తిడి పెరుగుతుంది. క్రానిక్ ఎగ్జర్షనల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఈ ఒత్తిడి ఎక్కువగా పెరిగి, ఆగాక కూడా త్వరగా దిగదు. ఎక్కువగా దెబ్బతినేది ముందు అర. ప్రతిసారీ దాదాపు అదే దూరానికి కాలు బిగుసుకుపోవడం, పాదం మీద తిమ్మిరి, అడుగు టపటపా పడటం దీని గుర్తులు. చాలామందికి రెండు కాళ్లలోనూ వస్తుంది.

పరుగులో వచ్చే నొప్పులన్నీ ఇదే కావు. షిన్ స్ప్లింట్స్‌లో ముంగాలి ఎముక లోపలి అంచు పొడవునా నొక్కితే నొప్పి పుడుతుంది. ఎముకలో సన్నని చీలిక, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉంటే నొప్పి వేలు పెట్టి చూపగలిగినంత ఒక్కచోటే ఉంటుంది. ముదిరితే రాత్రుళ్లూ వదలదు. మోకాలి వెనక రక్తనాళం నొక్కుకుపోయినా పరుగులోనే పిక్క పట్టేస్తుంది. రోగి చెప్పేది ఓపిగ్గా వింటే వీటిలో సగం చిక్కు విడిపోతుంది.

మిగతా సగం తేల్చడానికే ఒత్తిడి కొలత. చర్మానికి మత్తిచ్చి, అనుమానమున్న ప్రతి అరలోకీ విడిగా సూది దింపి, దానికి తగిలించిన మీటరులో ఒత్తిడి చూస్తారు. ముందు విశ్రాంతిలో కొలుస్తారు. తర్వాత నొప్పి వచ్చేదాకా ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, ఆగిన 1 నిమిషానికి, 5 నిమిషాలకు మళ్లీ కొలుస్తారు. 1990లో పెడోవిట్జ్ బృందం పెట్టిన హద్దులు వరుసగా 15, 30, 20 మిల్లీమీటర్ల పాదరసం. రోగి లక్షణాలకు తోడు వీటిలో ఏ ఒక్క హద్దును తాకినా వ్యాధి ఉన్నట్టే.

చిక్కల్లా ఈ అంకెలు శిలాశాసనమైపోవడమే. 2012లో రాబర్ట్స్, ఫ్రాంక్లిన్-మిల్లర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, నొప్పి లేనివారి కొలతలు కూడా ఈ హద్దులతో కలిసిపోతున్నాయని చూపారు. 2015లో బ్రిటన్ సైనిక వైద్యులు ఆగాక కాకుండా వ్యాయామం సాగుతుండగానే కొలిచి, 105ను హద్దుగా తీసుకుంటే రోగులకూ ఆరోగ్యవంతులకూ తేడా మెరుగ్గా తెలుస్తుందన్నారు. పరిగెత్తే కాలిని పరుగులోనే కొలవాలన్న ఇంగితానికి పాతికేళ్లు పట్టింది.

అంకెను నమ్మి చేసేది చిన్న పని కాదు. ఫేసియాను కోసి వదులు చేసే ఫేసియాటమీ ముందు అరకు బాగానే పనిచేస్తుంది. లోతు అర విషయంలో ఫలితాలు అంత గొప్పగా లేవు. 2012లో అమెరికా సైనిక వైద్య నిపుణులు 10 మందికి ఆరు వారాలపాటు ముందుపాదం ఆనేలా పరుగు నేర్పితే, ఏడాది తర్వాత కూడా ఎవరికీ ఆపరేషన్ అవసరం పడలేదు. పది మంది తక్కువే. అయినా కత్తికి ముందు నడక, పరుగు తీరు చూడాలనడానికి అది చాలు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సంగతి ముందు తెలియాల్సింది కానిస్టేబుల్ ఉద్యోగార్థులకు. ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంది. నోటిఫికేషన్ పడగానే ఊళ్లలో కుర్రాళ్లు తెల్లవారుజామున తారురోడ్డెక్కుతారు. మట్టి ట్రాక్ ఉండదు, మంచి బూట్లుండవు, పరుగును మెల్లగా పెంచుకోవాలని చెప్పేవారుండరు. నొప్పి వస్తే మాత్ర మింగి మళ్లీ పరిగెత్తుతారు. సెకన్లు లెక్కపెట్టి ఇంటికి పంపే ప్రభుత్వానికి, మండలానికో మైదానం, జిల్లా ఆస్పత్రికో ట్రెడ్‌మిల్, క్రీడాగాయాలు తెలిసిన ఒక ఫిజియోథెరపిస్టు పెద్ద ఖర్చేమీ కాదు. ముందు అవి సమకూర్చాలి. పరుగు పరీక్ష ఆ తర్వాత పెట్టాలి.