బరువు యజమానిది, లైసెన్సు డ్రైవరుది

సంపాదకులకు,

అయ్యా,

బరువు మీరిన లారీల విషయమున అధికారులు కఠినముగా నుండవలెనని పత్రికలలో తరచుగా వ్రాయుచున్నారు. ఉండవలసినదే. నేను బళ్ళారిలో రోడ్డు వార ఇల్లు గలవాడను. 2011లో సుప్రీంకోర్టు మా జిల్లాలో గనుల త్రవ్వకమును నిలుపువరకు, ఇనుపరాతి లారీలు మా వాకిటి రోడ్డును ఏమి చేసినవో కండ్లార చూచితిని. ఆరవేసిన బట్టలు ఎర్రబారి పోయెడివి. కావున నేను అధిక బరువు పక్షమున వ్రాయుటలేదు. బరువు వేయించువా డొకడు, లైసెన్సు పోగొట్టుకొనువాడు వేరొకడు అగుచున్నాడని మాత్రమే నా మనవి.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 19వ సెక్షను క్రింద లైసెన్సు అధికారి డ్రైవరును కొంతకాలము అనర్హునిగా చేయవచ్చును, లేదా లైసెన్సునే రద్దు చేయవచ్చును. ఎట్టి పనులు ప్రజలకు అపాయకరములో 1989 నాటి కేంద్ర నిబంధనలలో 21వది చెప్పుచున్నది. త్రాగి నడపుట, బండి దొంగిలించుట, ప్రయాణికుని కొట్టుట, సరుకు అపహరించుట, వీని సరసనే సరకుల బండిలో అధిక బరువు మోయుటయు చేరినది. పైగా 2015లో సుప్రీంకోర్టు వారి రోడ్డు భద్రతా సంఘము, ఇట్టి కొన్ని తప్పులకు మూడు నెలలకు తక్కువ కాకుండ లైసెన్సు నిలిపివేయుడని రాష్ట్రములకు వ్రాసినది. త్రాగుట డ్రైవరు స్వంత బుద్ధి. బరువు అట్టిది కాదు. మిల్లులో ఎన్ని బస్తాలు వేయవలెనో కిరాయి మాటలాడినవారు ముందే తేల్చుకొందురు.

ఈ సంగతి చట్టమునకు తెలియదనుకొనరాదు. అధిక బరువుతో పట్టుబడిన బండిని నడపినవాడు యజమాని కానిచో, ఆ తప్పు యజమానికి తెలిసియో, అతని ఆజ్ఞచేతనో జరిగినదని కోర్టు భావించవచ్చునని 113వ సెక్షనులోనే ఉన్నది. 2019 సవరణ ప్రకారము జరిమానా 20,000 రూపాయలు, హెచ్చిన ప్రతి టన్నుకు మరి 2,000. అది నడపినవానికే గాక నడపించినవానికిని వర్తించును. అయితే యజమాని ఆ జరిమానాను రెండు కిరాయిలలో రాబట్టుకొనును. డ్రైవరుకు పోయిన మూడు నెలలు పోయినవే. ఆకలికి తాళలేక ఆ నడుమ బండి ఎక్కినచో, మూడు నెలలవరకు ఖైదు గాని 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని.

మా వీధిలోని ఒక కుర్రవాడు తెలుగు బడిలో అయిదు తరగతులు చదివినాడు. కన్నడము ధారాళముగా మాటలాడును గాని చదువలేడు. రవాణా బండ్లు నడపుటకు ఎనిమిదవ తరగతి కావలెనన్న నిబంధనను 2019లో తీసివేసినందుననే అతనికి ఆ లైసెన్సు వచ్చినది. 2023లో పరజిల్లాలో అతని లారీని తూచి కేసు వ్రాసిరి. లైసెన్సు ఏల నిలుపరాదో చెప్పుమని రిజిస్టరు తపాలాలో నోటీసు వచ్చునప్పటికి అతడు బియ్యము లోడుతో ముంబయి త్రోవలో నుండెను. తల్లి వేలిముద్ర వేసి, దానిని రేషనుకార్డు సంచిలో దాచినది. ఉత్తరువు వచ్చినప్పుడును అంతే. నా వద్దకు తెచ్చుసరికి, అప్పీలుకు గల 30 దినములలో నాలుగు మిగిలినవి. యజమాని చెప్పినందుననే బరువు వేసితినని వ్రాయుము, అప్పీలు నేను సిద్ధపరచెదనంటిని.

"అట్లా రాసిస్తే రేపు నన్ను ఏ బండి మీద పెట్టుకొంటారు తాతా?" అన్నాడు.

దానికి నా వద్ద జవాబు లేకపోయినది. అప్పీలు వేయలేదు. మూడు నెలలు మార్కెటులో మూటలు మోసినాడు. లారీ మాత్రము మరొక డ్రైవరుతో మరునాడే కదలినది.

నేనును ముప్పది యేండ్లు సర్కారు గుమాస్తాగా నుండి ఇట్టి కాగితములు ఎన్నో పంపితిని. "జారీ అయినది" అని వ్రాసి దస్త్రము కట్టివేయుటయే కాని, అందుకొన్నవారు చదువుకొనిరా యని ఒక్కనాడును విచారించినవాడను కాను.

అధికారులు కొత్త శాసనము చేయనక్కరలేదు. 113వ సెక్షనును మీరరాదనుట 84వ సెక్షను ప్రకారము ప్రతి పర్మిటుకును షరతు. షరతు తప్పినచో 86 క్రింద పర్మిటును నిలుపవచ్చును. డ్రైవరు లైసెన్సు నిలుపు దస్త్రములోనే ఆ బండి పర్మిటు సంగతియు తేల్చిన చాలును. అప్పుడు మిల్లు దగ్గర బస్తాలు ఎంచువారు వేరుగా ఎంచుదురు. లైసెన్సుల రద్దు వివరములు 2020 అక్టోబరు నుండి కంప్యూటరులో ఎక్కుచున్నవి గదా, ఆ నోటీసు డ్రైవరు చేతి ఫోనుకు అతనికి వచ్చిన భాషలో పంపుట ఏమి కష్టము?

ఇక మనవారికి ఒక మాట. హోసూరులోనైనను బరంపురములోనైనను, ఇంట డ్రైవరున్నవారు సర్కారు కవరును వచ్చిననాడే విప్పి చదివించుకొనుడు. దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కు రాజ్యాంగము 350వ అధికరణము మనకిచ్చినది. సంజాయిషీ తెలుగుననే వ్రాయుడు. లోడు చీటీ నకలు తప్పక జతపరచుడు. మా వీధివారికి ప్రొద్దున పది గంటలవరకు నేను అరుగుమీదనే ఉందును. ఈ నెలలో రెండు కవరులు వచ్చినవి.

ఇట్లు,
ఒక పింఛనుదారు,
బళ్ళారి.