అద్దానికి అతుక్కున్న తాతయ్య

2023 జులైలో మునేరు పొంగి, ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి బండ్లన్నీ ఆగిపోయాయి, గుర్తుందా? నందిగామలో మా పెద్దమ్మ వాళ్లింట్లోకి నీళ్లు రాలేదు గానీ గోడలన్నీ చెమ్మెక్కాయి. హాల్లో ఉన్న తాతయ్య పటంలో ఫొటో ఆ చెమ్మకి అద్దానికి అతుక్కుపోయింది. ఆయనది ఇంకో ఫొటో లేదు.

"ఒరేయ్, నీ దగ్గర అదేదో మిషనుందంటగా. దీన్ని సెల్లులోకి ఎక్కించి పెట్టరా" అంది పెద్దమ్మ. జగ్గయ్యపేటలో బస్సెక్కా, సంచిలో స్కానర్‌తో.

పటం వెనక అట్ట ఊడదీసి, ఫొటోని అద్దంతో సహా స్కానర్ మీద పెట్టా. పొగమంచులో తీసినట్టు వచ్చింది. గాజు తుడిచా, కేబుల్ మార్చా, 600 డీపీఐని 1200 చేశా. ఫైల్ సైజు పెరిగింది, మసక మాత్రం అలాగే ఉంది.

తప్పు నాదే. కెనాన్ లైడ్ 300 లాంటి పల్చటి స్కానర్లలో ఉండేది సీఐఎస్ సెన్సార్. గాజుకి ఆనుకున్న కాగితాన్నే అది స్పష్టంగా చూస్తుంది. మధ్యలో పటం అద్దం మందం అడ్డొస్తే చాలు, ఫోకస్ పోతుంది. ఎప్సన్ వీ600 లాంటి సీసీడీ స్కానర్లలో లెన్స్, అద్దాలు ఉంటాయి కాబట్టి కాస్త ఎత్తులో ఉన్నా తెలుస్తుంది. కొనేముందు షాపులో డీపీఐ సంగతి తర్వాత, ముందు "సీఐఎస్సా, సీసీడీయా?" అని అడగండి. "ప్రింటర్‌లోనే స్కానర్ కూడా ఉంది సార్" అంటారు. అందులో ఉండేదీ ఎక్కువగా సీఐఎస్సే.

అలాగని ఒక్క పటం కోసం సీసీడీ కొనక్కర్లేదు. ఫొటోని మాత్రం గోటితో లేపకండి, బొమ్మ పొర అద్దానికే ఉండిపోయి మొహం ఊడొస్తుంది. నేను పటాన్ని కిటికీ పక్కన, వెలుగు ఏటవాలుగా పడేలా ఆనించా. నా వెనక పెద్దమ్మ నల్ల దుప్పటి పట్టుకుని నిలబడింది, నా నీడ అద్దంలో పడకుండా. ఫ్లాష్ ఆపి, రెండడుగులు వెనక్కెళ్లి, 2ఎక్స్‌లో తీశా. తాతయ్య కండువా అంచు కూడా కనబడింది.

ఆల్బమ్‌లో విడి ఫొటోలైతే ఆ పల్చటి స్కానరే బంగారం. నాలుగు బై ఆరు సైజుకి 600 డీపీఐ పెడితే 2400 బై 3600 చుక్కలొస్తాయి, అది చాలు. పాస్‌పోర్టు సైజుకి 1200 పెట్టుకోండి. నెగెటివ్‌లుంటే మూతలో కూడా లైటున్నదే కావాలి. వీ600లో దుమ్ము చెరిపే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం ఉంది గానీ, అది కలర్ నెగెటివ్‌లకే. పాత బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి పెడితే బొమ్మే పాడవుతుంది.

పాత పెళ్లి ఆల్బముల్లో చిన్న చిన్న గుంతలున్న సిల్కు కాగితం ఉంటుంది చూశారా, అదో తలనొప్పి. ప్రతి గుంతా మెరిసి బొమ్మంతా చుక్కలే. ఒకసారి స్కాన్ చేసి, ఫొటోని తలకిందులుగా తిప్పి మళ్లీ చేసి, రెండింటినీ ఫొటో ఎడిటర్‌లో ఒకదానిమీద ఒకటి సగం పారదర్శకంగా కలిపితే చాలావరకు తగ్గుతాయి.

పైనుంచి కింది దాకా గీత వస్తుంటే రిపేరుకి బెజవాడ పరిగెత్తకండి. గాజు మొదట్లో, సెన్సార్ బయల్దేరే చోట దుమ్ముంటుంది. కళ్లజోడు తుడిచే గుడ్డతో తుడిచి చూడండి. కంప్యూటర్ స్కానర్‌ని గుర్తుపట్టకపోతే యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా గుచ్చండి. ఇవి కరెంటు కూడా ఆ వైరులోంచే లాగుతాయి, హబ్‌లో ఒక్కోసారి సరిపోదు.

ఇంతా చేసి తాతయ్య ఫొటోని ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. మావయ్య జూమ్ చేసి, "ఏంట్రా, నాన్న మీసం అలికేసినట్టుంది?" అన్నాడు. వాట్సాప్ ఫొటోని నలిపేసిందని అప్పుడు గుర్తొచ్చింది. డిలీట్ చేసి, డాక్యుమెంట్‌గా మళ్లీ పంపా.