చెల్లో విషాదానికే పుట్టలేదు

మన సినిమాల్లో చెల్లో ఎక్కువగా విషాద ఘట్టాల్లోనే వినిపిస్తుంది. దాని నాదం మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. నిజమే. కానీ ఆ మెప్పుతోనే దాన్ని ఒక మూలన కూర్చోబెట్టేశాం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో గత అరవై ఏళ్లుగా స్వరకర్తలు దానితో ఏమేం పలికించారో వింటే ఒళ్లు పులకరిస్తుంది.

పోలండ్ స్వరకర్త విటోల్డ్ లుటొస్లావ్‌స్కీ చెల్లో కన్చెర్టోనే తీసుకోండి. కన్చెర్టో అంటే ఒక వాద్యమూ ఆర్కెస్ట్రా కలిసి వాయించే కృతి, అనగానే వాద్యకారుడి ప్రతాపం కోసం చూస్తాం. ఇక్కడ చెల్లో ఒక్కటే, వేలు మోపని డి తీగ మీద ఒకే స్వరాన్ని ఇంచుమించు సెకనుకొకటి చొప్పున, ఏ భావమూ లేకుండా పలుకుతూ మొదలవుతుంది. ధ్యాస ఎటో మళ్లి ఏవో చిన్న ఊసులాడుతుంది. మళ్లీ అదే స్వరం. దాదాపు నాలుగు నిమిషాల తర్వాత ట్రంపెట్లు విరుచుకుపడతాయి. ఇక ఒంటరి గొంతుకూ గుంపుకూ పోరే. 1970 అక్టోబరులో లండన్‌లో దీన్ని తొలిసారి వాయించిన రష్యన్ చెల్లో వాద్యకారుడు రొస్ట్రొపోవిచ్, అప్పటికే అసమ్మతి రచయిత సోల్జెనిత్సిన్‌కు ఆశ్రయమిచ్చి సోవియట్ పాలకుల కంట్లో నలుసయ్యాడు. స్వరకర్త రాజకీయార్థాలు ఒప్పుకోలేదు. వాయించినవాడు మాత్రం అందులో తన కథే చూసుకున్నాడు.

మరుసటి ఏడాది అమెరికాలో జార్జ్ క్రమ్, తిమింగలాల పాటల స్ఫూర్తితో 'వాక్స్ బాలెనే' రాశాడు. అందులో చెల్లో సముద్రపక్షిలా అరుస్తుంది. కిటుకు చిన్నదే. బొటనవేలు తీగను నొక్కి పట్టాలి, మరో వేలు తాకీతాకనట్టు ఉండాలి. రెంటి మధ్య ఎడం మారకుండా చెయ్యి మొత్తాన్ని తీగ వెంట జారిస్తే అరుపు కిందికి జారి తెగుతుంది, మళ్లీ పైనుంచి పుట్టుకొస్తుంది. చెల్లోను మెడకింద ఇరికించుకోనక్కర్లేదు, మోకాళ్ల మధ్య నిలుస్తుంది. అందుకే బొటనవేలు కూడా తీగమీదికి రాగలదు.

జర్మనీలో హెల్ముట్ లాఖెన్‌మన్ అదే కాలంలో ఇంకా ముందుకెళ్లాడు. 'ప్రెస్యోన్'లో ఆయన రాసింది ప్రధానంగా చేతులు ఏం చేయాలో. కమానును తీగమీద నొక్కి రాస్తే వచ్చే కరకర, వేళ్లు పామే చప్పుడు, ఇదే అక్కడ సంగీతం. గోల అనేవాళ్లున్నారు, నేనొప్పుకోను. ప్రతి తీపి స్వరం కిందా ఆ రాపిడి ఉంది. ఆయన దాన్ని దాచలేదు, అంతే.

కొత్తగా వినేవాళ్లు మాత్రం లాఖెన్‌మన్‌తో మొదలుపెట్టకండి. ఫిన్లాండ్ స్వరకర్త కయ్యా సారియాహో 2000లో ఒంటి చెల్లో కోసం రాసిన 'సెట్ పాపియోఁ' వినండి. ఏడు చిన్న ముక్కలు, గాలిలో అల్లల్లాడే నాదం. తర్వాత లుటొస్లావ్‌స్కీ దగ్గరికి వెళ్లండి. ఆ మొదటి నాలుగు నిమిషాలనూ దాటేయకండి.