నౌకానాయకులు – మనోవర్తి

మొన్న మా పఠనమందిరమున ఇద్దరు యువకులు గట్టిగా వాదులాడుకొనుచుండిరి. వాదము ఎన్నికలనుగూర్చి కాదు. వెలిగొండ నీటినిగూర్చియు కాదు. అమెరికావారి బుల్లితెరపై అంతరిక్షనౌకలను నడపిన కెప్టెనులలో ఎవ్వడు ఉత్తమనటుడు, ఎవ్వని ప్రణయము నిజమైన ప్రణయము – ఇదియట వారి తగవు! ప్రక్కనున్న పెద్దలొకరు ‘కరవుసీమలో చుక్కల కబుర్లేల’యని విసిగి పత్రికలో తల దూర్చిరి. నేను మాత్రము కదలలేదు. ఉభయపక్షములను వినుట నా వృత్తిధర్మము. అదియుగాక, ఆ యువకులలో ఒకడు వచ్చే వారమే కూలికై బెంగుళూరు పోవుచున్నాడు. ఆతని భార్య పుట్టినింట ఉన్నది. ఊరు విడిచిపోవువానికి ఊరు విడిచిపోయినవారి కథలు కేవల కాలక్షేపములని నేననుకొనను.

తగవునకు మూలము ‘స్టార్ ట్రెక్’ అను కథామాలిక. 1966 సెప్టెంబరు 8వ తేదీన మొదలై 1969వరకు 79 కథలుగా నడచినది. మన దూరదర్శనమువారును 1980వ దశకమున దీనిని చూపిరి. ఇందలి కెప్టెను జేమ్స్ కిర్క్. పాత్రధారి విలియం షాట్నరు. ఈయన కెనడాదేశస్థుడు. ఆంటారియోలోని స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవములలో షేక్స్పియరు నాటకము లాడినవాడు. 1956లో ఐదవ హెన్రీ పాత్రధారి క్రిస్టఫర్ ప్లమ్మరు అస్వస్థుడైన రాత్రి, ఆతని స్థానమున రంగమునకు వచ్చి మెప్పుగొనెను. ఈయన వాక్కు విచిత్రమైనది. ఒక్క మాట పలికి ఆగును, ఆగరానిచోట ఆగును, పిమ్మట నాలుగు మాటల నొక్క గుక్కలో విసరును. దానిని అనుకరించి నవ్వనివారు ఆ దేశమున అరుదు.

మనకు మాత్రము అది వింత కాదు. తిరునాళ్లకు తెల్లవార్లును పద్యనాటకములు చూచి పెరిగినవారమే గదా! పద్యపు చివరిపాదము ముగిసినను రాగము ముగియదు. రాగము ముగిసినను ‘వన్స్ మోర్’ కేకలు ముగియవు. శత్రువు కత్తిదూసి నిలిచియుండగా కృష్ణుడు ఆలాపన సాగించును. శత్రువును ఓపికతో వినుచుండును. ఈ ధోరణిని నిరసించి మాటకు, మౌనమునకు, ముఖమున కదలు భావమునకు పెద్దపీట వేసినవాడు బళ్లారి రాఘవ (1880–1946). ఆయనయు వకీలేయని చెప్పుకొనుట మా వృత్తివారికొక గర్వము. రాఘవగారి పక్షము వహించి షాట్నరును త్రోసిపుచ్చుట సులభము. కాని న్యాయము చెప్పవలెనన్న ఒక సంగతి గమనింపవలెను. నాటి బుల్లితెరపై పరగ్రహమనగా అట్టముక్కల కొండ, రంగుదీపముల ఆకాశము. మన నాటకమునకు ఒక్క తెర వ్రేలాడదీసి ద్వారక యన్నట్లే అదియును. చూచువాడు ద్వారకను నమ్మవలెనన్న నటుని కంఠమే ఆ పట్టణమును కట్టవలెను. షాట్నరు కంఠముతోనే గ్రహములు కట్టెను.

ఇక ఆతని ప్రణయములు. గ్రహమున కొక్క వనిత యని లోకమున వాడుక. లెక్క అంత పెద్దది కాదని అభిమానులు వాదింతురుగాని, పద్ధతి మాత్రము అదే: నౌక దిగును, ప్రేమించును, నౌక ఎక్కును. మన అర్జునుని తీర్థయాత్ర తలపునకు రాకుండునా? నియమభంగమునకై ఊరు విడిచినవాడు ఉలూపిని, చిత్రాంగదను, సుభద్రను వరుసగా పెండ్లాడినాడు. చేమకూర వేంకటకవి దానినే ‘విజయవిలాసము’గా రచించి రసికులను రంజింపజేసినాడు. కాని మన భారతము అక్కడ ఆగలేదు. అశ్వమేధమునాడు గుర్రమువెంట అర్జునుడు మణిపురమునకు మరల పోవలసివచ్చినది. ఎదుట విల్లెత్తి నిలిచినవాడు తాను పెంచని కొడుకు బభ్రువాహనుడు. ఆ కొడుకు బాణముననే తండ్రి నేలకూలినాడు. బ్రతికించినది ఎవరు? తాను విడిచిపోయిన ఉలూపియే. విలాసమున వ్రాసిన పద్దును అశ్వమేధమున వసూలు చేసిరి.

ఆశ్చర్యమేమనగా, అమెరికావారును ఆ పద్దును మరువలేదు. 1982లో వచ్చిన చలనచిత్రమున కిర్కునకు కరోల్ మార్కస్ అను పూర్వప్రేయసియు, ఆమెవలన కలిగిన డేవిడ్ అను యువకుడును ఎదురగుదురు. తల్లి దూరముగా నుండుమన్నది గనుకనే ఉంటినని కిర్కు సమాధానము. (ఈ సమాధానము కోర్టులో నేను వినినదే, ఒక్కొక్కప్పుడది నిజమును కావచ్చును.) 1984 నాటి తరువాయి చిత్రమున ఆ కుమారుని శత్రువులు చంపుదురు. వార్త వినినపుడు కిర్కు వెనుకకు తూలి, తన కెప్టెను ఆసనమును అందుకొనబోయి, అందక క్రింద పడును. అంతే. ఆలాపన లేదు, విరామముల విన్యాసము లేదు. పదునెనిమిదేండ్లుగా ఏ ఆసనమున ఠీవిగా కూర్చుండెనో అదియే ఆ నిముసమున ఆతనికి అందకపోవుట చూచినవారు షాట్నరు నటుడు కాడని మరల అనజాలరు. ఇట్టిదే మరియొకటి 1967 నాటి కథలో నున్నది. 1930నాటి న్యూయార్కులో పేదలకు అన్నము పెట్టు ఈడిత్ కీలరును ఆతడు ప్రేమించును. ఆమె బ్రతికిన చరిత్ర తలక్రిందులగును. బండి క్రింద పడబోవు ఆమెను రక్షింప పరుగిడిన మిత్రుని కిర్కు తన చేతులతోనే పట్టి ఆపును. అచ్చటను నటుడు మాటలు తగ్గించినాడు. మూల్యము చెల్లించుచోట ఈ నటుడు నోరు మెదపడు. ఉచితముగా వచ్చిన ప్రణయములందే ఆతని వాగ్ధాటి. నాకు తోచిన కొలబద్ద ఇదియే.

1987నుండి 1994వరకు నడచిన రెండవ మాలికలో కెప్టెను పికార్డ్. పాత్రధారి పాట్రిక్ స్టివర్టు ఇంగ్లండున రాయల్ షేక్స్పియర్ కంపెనీలో నటించినవాడు, బట్టతలవాడు, మాట తూచి పలుకును. మా యువకులలో రెండవవాడు ఈయన పక్షము. 1992 నాటి ఒక కథలో పికార్డ్ స్పృహదప్పి ఇరువదియైదు నిముసములలో ఒక పరగ్రహవాసిగా నిండుజీవితము గడపును: భార్య, బిడ్డలు, మనుమడు, వార్ధక్యము. మెలకువ వచ్చుసరికి మిగిలినది ఒక్క పిల్లనగ్రోవి. దానిని రొమ్మునకు హత్తుకొని కిటికీకడ నిలిచి వాయించును. మరుసటేట, తన నౌకలోనే పనిచేయు నెల్లా డారెన్ అను అధికారిణిని ప్రేమించి, ఆ పిల్లనగ్రోవి సంగతి ఆమెకు చెప్పుకొనును. పిమ్మట అగ్నితుపాను చెలరేగు గ్రహమునకు ఆమెనే పంపవలసివచ్చును. ఆమె బ్రతికి వచ్చినను, ఇకమీదట అట్టి ఆజ్ఞ ఇయ్యజాలనని తెలిసి, ఆమె వేరుచోటికి మారుట కిద్దరును ఒడంబడుదురు. అధికారము చేతనున్నవాడు తన క్రింది ఉద్యోగినిని ప్రేమించుటలోని చిక్కును ఇంత నిజాయితీతో చూపిన కథలు మన తెరపై అరుదు.

మనవారు ఈ రంగమున అడుగిడలేదని కాదు. 1998లో కేతన్ మెహతా దర్శకత్వమున దూరదర్శనము హిందీలో ‘కెప్టెన్ వ్యోమ్’ను చూపెను. మిలింద్ సోమన్ విగ్రహము చక్కనిది, నటనయు విగ్రహమువంటిదే. తెలుగున 2018లో సంకల్ప్ రెడ్డి ‘అంతరిక్షం 9000 కెఎంపిహెచ్’ తీసెను. వరుణ్ తేజ్ పోషించిన నాయకుడు తాను కోల్పోయిన పార్వతి స్మృతిని మోసికొనియే ఆకాశమునకు పోవును. ఆ నటుడు తక్కువ మాటలాడుట మెచ్చదగినది. (తెరపై దూరమైన ఆ పాత్రధారిణి లావణ్య త్రిపాఠినే ఆయన 2023లో నిజముగా పెండ్లాడుట వేరు సంగతి.)

స్త్రీ కెప్టెనైనచో? 1995లో కేట్ మల్‌గ్రూ జేన్‌వేగా వచ్చెను. ఆమె నౌక ఇంటికి డెబ్బదివేల కాంతివర్షముల దూరమున చిక్కుకొనినది; తిరుగుప్రయాణము డెబ్బదియైదేండ్లు. పురుషుడైన కిర్కుకు గ్రహగ్రహమున స్వాగతము పలికిన రచయితలే ఈమెకు వచ్చుసరికి మర్యాద, ఏకాంతము, కర్తవ్యము అని పలుమార్లు అడ్డుపడిరి. ఇంట నిలిచిన వరుడు వేరొకతెను పెండ్లాడెనని ఒక కథలో జాబు వచ్చును. 2000లో, యంత్రము కల్పించిన ఛాయాపురుషునితో ఆమెకొక ప్రణయము కల్పించిరి. ఆతనికి భార్య యుండగా, ఆ భార్యను యంత్రమునుండి తుడిపివేయుమని జేన్‌వేయే ఆజ్ఞాపించును! నవ్వు వచ్చినది, వెంటనే జాలియు కలిగినది. మల్‌గ్రూ ఆ సన్నివేశమున పెదవి కొసనే నవ్వి, కన్నులలో అలసట నిలుపుకొనుట గొప్పనటన. రంగముమీద స్త్రీపాత్రలు స్త్రీలే ధరింపవలెనని పోరాడిన రాఘవగారు దీనిని చూచియుండిన బాగుండెడిది.

నా తీర్పు ఎవరికని మా యువకులడిగిరి. నేను వారిద్దరును చెప్పని పేరు చెప్పితిని: 1993నుండి 1999వరకు సిస్కోగా నటించిన ఏవరీ బ్రూక్స్. ఈయన నల్లజాతివాడు, రట్గర్స్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసినవాడు, పాల్ రోబ్సన్ పాత్రను రంగమున ధరించినవాడు. మేఘగర్జనవంటి కంఠము, షాట్నరుకంటె నాటకీయము. సిస్కో కథ భార్య మరణముతో మొదలగును, చేతిలో కొడుకు. గ్రహగ్రహమున వెదకులాట లేదు. సరకునౌక నడపు కాసిడీ యేట్స్ అను స్త్రీతో నెమ్మదిగా స్నేహము, తగవు, పిమ్మట పెండ్లి. చివరి కథలో ఆతడు దేవతల లోకమునకు పోవలెను, కాసిడీ గర్భవతి. తిరిగి రానన్నట్లే మొదట దృశ్యము తీసిరి. బ్రూక్స్ ఒప్పుకొనలేదు. నల్లజాతి తండ్రి గర్భవతియైన భార్యను విడిచిపోయినట్లు చూపిన, తన జాతిపై లోకము మోపిన నిందనే తాను పలికినట్లగునని ఆయన అభ్యంతరము. దృశ్యమును మరల తీసి, తిరిగివచ్చెదనను మాట చేర్చిరి. ఉత్తమనటుడెవ్వడని నన్నడిగిన, తన పాత్రచేత మనోవర్తి పత్రము వ్రాయించిన ఆ నటుడే.

మనోవర్తి యను మాట ఊరక వాడలేదు. పూర్వము క్రిమినల్ ప్రొసీజర్ కోడు 125వ సెక్షను, 2024 జూలై 1నుండి నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను క్రింద మాబోటి వకీళ్లు వేయు దరఖాస్తులను చూడుడు. పలకల పరిశ్రమ క్షీణించి, బోర్లెండి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పురుషులు హైదరాబాదుకు, బెంగుళూరుకు, కడలి దాటి పోవుచున్నారు. వారిలో వేలమంది నెలనెలా డబ్బు పంపి, పండుగకు వచ్చువారే. కొందరు మాత్రము నౌక ఎక్కినవారే. ఆ భార్యలు బిడ్డల నెత్తుకొని కోర్టు వరండాలో కూర్చుండుట ఏ తెరమీదను చూపరు.

బెంగుళూరు పోవు యువకుడు ‘మరి మన దేవుళ్ల సంగతి యేమి, నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడలేదా’ యని నవ్వెను. పెండ్లాడెను. 1943లోను 1958లోను తెరకెక్కిన కథయే అది. కాని గిద్దలూరు ఘాటు దాటి నల్లమల ఆవలి అంచున నున్న అహోబిలమునకు ఒక్కమారు పోయి చూడుమని చెప్పితిని. చెంచులు ఆ స్వామిని బావ యందురు. కనుమనాడు పరువేట మొదలుపెట్టి దాదాపు నలువది దినములు స్వామి పల్లకిలో ఊరూర తిరిగి తన పెండ్లికి తానే పిలుచుకొనును. పల్లకి కదలుటకు ముందు చెంచులు దానిమీద బాణము వేయుదురు. బావగారు ఆ బాణము తినియే బయలుదేరును.