మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎట్లయింది సార్?

(వాడ నుంచి బడికి – 9)

మన పిల్లల్ని బడి నుంచి తరిమిన మాటల్లో అన్నిటికన్నా పదునైనది ఏదని నన్నడిగితే, కులం పేరు పెట్టి తిట్టిన తిట్టు అని చెప్పను. "వీడికి లెక్కలు రావు" అనే మాట అని చెప్తాను. కులం పేరుతో తిడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది, కేసు పెట్టొచ్చు. లెక్కలు రావంటే ఏ సెక్షన్ కింద పెడదాం? అది తిట్టులా వినపడదు, తీర్పులా వినపడుతుంది. పిల్లవాడు నమ్ముతాడు. తల్లి కూడా నమ్ముతుంది. "మావోడికి బుర్ర లేదన్నా, ఏదన్నా పనిలో పెట్టియ్" అని నా దగ్గరికి వస్తుంది.

ఆరో తరగతిలో పడ్డ ఆ ముద్ర పదో తరగతి అయ్యేసరికి ఎంపీసీ, బైపీసీ తలుపులు మూసేస్తుంది. ఎంట్రన్స్ పరీక్ష దాకా పోయే దారే లేనప్పుడు రిజర్వేషన్ సీటు ఎవరి కోసం? ఆ తర్వాత అదే నోటితో అడుగుతారు: "సీట్లిచ్చినా మీవాళ్లు చదవరేం?"

మిత్రులారా, ఈ భాగంలో చెప్పేది ఒక్కటే. లెక్కలకైనా సైన్సుకైనా మొదటి మెట్టు "ఎందుకు" అనేది. మన పిల్లలకు ఆ మెట్టు తీసేసి, రెండో మెట్టు మీదికి ఎగరమంటున్నారు. ఎగరలేకపోతే కులాన్ని చూపిస్తున్నారు.

అంబేద్కర్ బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివేటప్పటి సంగతి మీకు తెలిసిందే. లెక్క చేయమని సారు బోర్డు దగ్గరికి పిలిచాడు. క్లాసంతా గగ్గోలు. బోర్డు వెనకాల సవర్ణ పిల్లల టిఫిన్ డబ్బాలున్నాయి. భీమ్ అక్కడికి చేరేలోపు ఉరికి ఆ డబ్బాల్ని పక్కకు విసిరేశారు. దీన్ని మనం అంటరానితనం కథగా చెప్పుకుంటాం. అది లెక్కల కథ కూడా. ఆ పిల్లవాడికీ బోర్డుకీ మధ్య అన్నం డబ్బాలు అడ్డం పెట్టింది ఈ దేశం. ఆ పిల్లవాడే 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసి, రూపాయి విలువ లెక్కను సామ్రాజ్యానికే అప్పజెప్పాడు. ఇప్పుడు బోర్డు వెనక డబ్బాలు లేవు. కానీ బోర్డు దగ్గరికి ఎవర్ని పిలుస్తున్నారో, ఎవర్ని వెనక బెంచీలో మర్చిపోతున్నారో మీ బడికి పోయి చూడండి.

సరే, పాఠంలోకి వద్దాం.

ఏడో తరగతి. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. ఎందుకు సార్? "రూల్ రా, రాసుకో." ఆ జవాబుతో అడిగినోడి నోరు మూతపడుతుంది. నేను మా వాడ కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు పిల్లలకు ఇదే పాఠం చెప్తాను. మొదట అడుగుతాను: అప్పు ప్లస్సా, మైనస్సా? అందరూ ఒక్క గొంతుతో "మైనస్" అంటారు. మీ ఇంటి మీద 500 రూపాయల అప్పులు మూడు పడ్డాయి. ఎంత? మైనస్ 1500. ఇప్పుడు ఆ మూడు అప్పుల్నీ ఎవరో కొట్టేశారు. కొట్టేయడమంటే తీసేయడం, అంటే మైనస్ 3. తీసేసింది అప్పుని, అంటే మైనస్ 500. మీ చేతికి పైసా రాలేదు. మరి నిన్నటికంటే ఇవ్వాళ మీ ఇల్లు ఎంత బాగుపడింది? "1500!" అని అరుస్తారు. అంతే. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఈ నియమాలు రాసినప్పుడు వాడిన మాటలు కూడా ధనం, రుణం. మన తెలుగు పుస్తకాల్లో ఇప్పటికీ "రుణ సంఖ్యలు" అనే అచ్చేస్తారు. రుణమంటే ఏందో మన పిల్లలకన్నా ఎక్కువ తెలిసినోడు ఈ దేశంలో ఉన్నాడా? తెలిసిన దాన్ని తెలియనట్టు చేసి చెప్పడమే ఈ చదువు గొప్పతనం.

వర్గం, వర్గమూలం. పిల్లలకు చెమటలు పట్టే పాఠం. తాడు పట్టుకుని బయటికి రండి. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు. ఈ 121 ఎక్కణ్ణుంచి వచ్చింది? 11 గజాల పొడవు, 11 గజాల వెడల్పు ఉన్న నలుచదరం అది. నాలుగు మూలల్లో నలుగురు పిల్లల్ని నిలబెట్టండి. గట్టు పొడవు తెలిసి భూమి చెప్తే వర్గం. భూమి తెలిసి గట్టు పొడవు చెప్తే వర్గమూలం. ఇప్పుడు గట్టును 22 గజాలు చేయండి. భూమి రెట్టింపయిందా? కాలేదు, నాలుగు గుంటలయింది. ఈ ఒక్క సంగతి కాళ్లతో నడిచి తెలుసుకున్న పిల్ల జన్మలో మర్చిపోదు. కాగితం మీద ఎకరం రాసి నేల మీద ముప్పై గుంటలు చూపించే పెద్దమనిషిని "తాడు తీయ్" అని అడుగుతుంది. అందుకే ఈ పాఠం ఆమెకు చెప్పరు.

వడ్డీ. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటారు ఊళ్లో. వినడానికి మూడే. నెలకు మూడంటే ఏడాదికి 36. పదివేలు తెచ్చి, ఏడాదికోసారి వడ్డీ కలిపి నోటు తిరగరాస్తూ పోతే, మొదటి ఏడు 13,600. రెండో ఏడు 18,496. మూడో ఏడు 25,154. వడ్డీని అసల్లో కలపకపోతే 20,800 దగ్గర ఆగేది. ఆ 4,354 రూపాయల తేడానే చక్రవడ్డీ. మన తాతలు వేలిముద్ర వేసింది ఈ తేడా కిందనే. దొర బంగ్లా దస్తరంలో ఏముందో తెలియకపోవడం మన తప్పని నమ్మించారు. అది తెలియనివ్వకపోవడం వాళ్ల ఆస్తి.

సైన్సుకొద్దాం. డప్పును వాయించే ముందు మంట దగ్గర కాగబెడతారు. ఎందుకు? తోల్లోని తేమ ఆవిరైపోతుంది, తోలు బిగుసుకుంటుంది, స్వరం పెరుగుతుంది. బిగువు నాలుగింతలైతే కంపనాలు రెండింతలవుతాయి. మళ్లీ అదే వర్గమూలం! లందలో తోళ్లు నానబెట్టే సున్నం క్షారం. దానివల్ల వెంట్రుకలు ఊడొస్తాయి. తంగేడు చెక్కలో ఉండే టానిన్ తోలును కుళ్లకుండా చేస్తుంది. తంగేడు పువ్వును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసి మొక్కుతారు. దాని చెక్కతో తోలు పదును చేసి ఊరందరికీ చెప్పులిచ్చినోణ్ణి మాత్రం ఊరి బయట ఉంచారు. ఆమ్లాలు, క్షారాలు చెప్పే సారుకు నిమ్మకాయ, సబ్బు గుర్తొస్తాయి, లంద గుర్తురాదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్త. "అవునవును, మీ జ్ఞానమంతా చేతుల్లోనే ఉంది, వృత్తి విద్య నేర్చుకోండి" అని తియ్యగా మాట్లాడేవాళ్లు వస్తారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన పథకం ఇదే: సగం పూట బడి, మిగతా పూట తండ్రి పని. పెరియార్ దాన్ని కులవిద్య అని తిప్పికొట్టాడు. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని ఎత్తేశాడు. మనం డప్పు దగ్గర మొదలుపెట్టేది డప్పు దగ్గర ఆగిపోవడానికి కాదు, సమీకరణం దాకా పోవడానికి. మెట్టును మెట్టులాగా వాడుకోవాలి, దాన్నే ఇల్లు చేసుకోమంటే ఒప్పుకోవద్దు.

ఇంకోవైపు "వేద గణితం" అమ్మేవాళ్లు. 1965లో అచ్చయిన ఆ పుస్తకంలోని సూత్రాలు వేదాల్లో లేవని గణిత పండితులే తేల్చారు. పోనీ, చిట్కా చూద్దాం. 98 ఇంటూ 97. నూటికి రెండు తక్కువ, మూడు తక్కువ. 98లోంచి 3 తీస్తే 95, రెండు మూళ్లు 06. జవాబు 9506. చప్పట్లు! ఎందుకు పనిచేసిందో చెప్తే అది మామూలు బీజగణితం, ఏ పిల్లకైనా వస్తుంది. చెప్పకపోతే గారడీ. కార్పొరేట్ కాలేజీ షార్ట్‌కట్లు కూడా ఈ గారడీకి తమ్ముళ్లే. "ఎందుకు" అని అడగనివ్వని చదువు ఏ పేరుతో వచ్చినా మనకు శత్రువే.

ఇప్పుడు అసలు సంగతి. సాంద్రత పాఠం. బెండు తేలుతుంది, ఇనుము మునుగుతుంది. నేను చదువుకున్నప్పుడు అక్కడితో ముగించారు. మన వాడకు కావాల్సిన పాఠం దాని తర్వాత ఉంది. వాయువుల్లో కూడా బరువైనవీ, తేలికైనవీ ఉంటాయి. గాలి అణుభారం సగటున 29 అయితే, మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది 34. అందుకే అది మ్యాన్‌హోల్ అడుగున పేరుకుంటుంది. కొంచెం ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగినోడు పైకి రాడు. వాణ్ణి లాగుదామని దిగిన తమ్ముడూ రాడు. 2013లో చట్టమొచ్చింది. 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇమ్మంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. బెజవాడ విల్సన్ లాంటివాళ్లు జీవితమంతా కొట్లాడుతున్నారు. చావులు ఆగలేదు.

29 పెద్దదా, 34 పెద్దదా? ఒకటో తరగతి ప్రశ్న. దీని మీద మన ప్రాణాలు నిలబడి ఉన్నాయి. ఈ పాఠం జాగ్రత్తగా దిగడానికి నేర్పొద్దు. దిగమన్నోడి కాలర్ పట్టుకుని "మిషన్ తీసుకురా" అనడానికి నేర్పాలి.

"సర్కారు బడిలో ఇట్లాంటి చదువు కుదరదు" అంటారా? 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో, పిల్లలే ప్రయోగాలు చేసి సైన్సు నేర్చుకునే కార్యక్రమం మొదలైంది. వందల బడులకు పాకింది. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో ప్రభుత్వమే మూసేసింది. కుదరకపోవడం వేరు, కుదిరినదాన్ని ఆపేయడం వేరు.

యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు విగ్రహానికి దండ వేయండి, మంచిదే. ఆ విగ్రహం అరుగు మీద పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్క గంట రుణ సంఖ్యలు చెప్పండి. తాడుతో గుంట కొలిపించండి. మీ ఊరి హాస్టల్‌కు పోయి లెక్కల సారు పోస్టు ఎన్నేళ్ల నుంచి ఖాళీగా ఉందో అడగండి. ఆర్టీఐ వేయండి, ధర్నాకు కూర్చోండి.

పిల్లలకు ఒక్క మాట నేర్పండి: "ఎందుకు సార్?" ఆ మాట లెక్కల పీరియడ్‌లో మొదలైతే అక్కడ ఆగదు. శ్మశానం వేరే ఎందుకు, వాడ ఊరికి ఆ కొసన ఎందుకు, భూమి వాళ్లకే ఎందుకు అనే దాకా పోతుంది. లెక్కలంటే వాళ్లకున్న భయం అదే.

జై భీమ్.

(10వ భాగంలో: బళ్లో పరిశుభ్రత పాఠం చెప్పేదెవరు, బడి బాత్రూం కడిగేదెవరు?)