మన పేరుతో వెళ్లే ఫైలుకు మనమే పూచీ



పెళ్లిళ్ల రోజులు. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫైలు వచ్చి పడుతుంది. పంపినది బాబాయి. ఫైలు పేరు శుభలేఖ. ఆ పేరు చివర ఒక చుక్క, చుక్క పక్కన ఏపీకే అనే మూడక్షరాలు. ఆ మూడక్షరాలను ఎవరూ చూడరు. అందరూ బాబాయి పేరే చూస్తారు. పెళ్లి ఎవరిదో తెలుసుకోవాలన్న ఆత్రంలో నొక్కేస్తారు.

ఆ ఫైలును బాబాయి పంపలేదు. ఆయన ఫోనులో అంతకుముందే దొంగలు చొరబడ్డారు. ఆయన పేరు వాడుకున్నారు. ఆయన ఫొటో వాడుకున్నారు. ఆయన మాట మీద మనకున్న గురిని వాడుకున్నారు. ఈ మోసానికి పెట్టుబడి మన బంధుత్వం. కాబట్టి దీన్ని ఆపే భారం పోలీసుల కన్నా ముందు మన భుజాల మీదే ఉంది.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు. శుభలేఖ ఫొటోగా రావచ్చు, వీడియోగా రావచ్చు, పీడీఎఫ్‌గా రావచ్చు. యాప్‌గా పంపాల్సిన అవసరం ఏ పెళ్లివారికీ లేదు. ఇదే దొంగకు వేరే వేషాలూ ఉన్నాయి. ఒకసారి ట్రాఫిక్ చలాన్ అంటాడు. ఒకసారి బ్యాంకు కేవైసీ అంటాడు. ఇంకోసారి పీఎం కిసాన్ అంటాడు. చలాన్ ఉందో లేదో చూసుకోవడానికి పరివాహన్ వెబ్‌సైటు ఉంది. పీఎం కిసాన్ సొమ్ము ఏడాదికి 6,000 రూపాయలు, విడతకు రెండు వేల చొప్పున మూడు విడతల్లో నేరుగా ఖాతాలో పడుతుంది. దానికోసం వాట్సాప్‌లో వచ్చిన ఏ యాప్‌నూ ఎక్కించుకోనక్కర్లేదు. ఈ సంగతి మనకు తెలుసు. విత్తనాల అప్పు తీర్చలేక ఆ రెండు వేల కోసం ఎదురుచూస్తున్న రైతుకు తెలుసా? తెలియకపోతే చెప్పాల్సింది ఎవరు?

నొక్కిన తర్వాత ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ముందు ఫోనే అడ్డుపడుతుంది. ఇలా వచ్చిన తెలియని యాప్‌ను ఎక్కించడానికి అనుమతి లేదని తెర మీద రాస్తుంది. మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అక్కడున్న మీటను పక్కకు జరిపి, అనుమతి ఇస్తాం. చాలా ఫోన్లలో గూగుల్ కాపలా ఏర్పాటైన ప్లే ప్రొటెక్ట్ కూడా హెచ్చరిస్తుంది. దాన్నీ తోసేస్తాం. అప్పుడు ఆ శుభలేఖ మన ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వమని అడుగుతుంది. ఇలాంటి దొంగ యాప్‌లు కొన్ని యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడుగుతాయి. అది చూపు లేనివారికి, చేతులు సరిగా ఆడనివారికి సాయంగా చేసిన ఏర్పాటు. అది చేతికి చిక్కితే దొంగ యాప్ మన తెర మీద ఉన్నది చదవగలదు, మన బదులు తానే మీటలు నొక్కగలదు. ఆ తర్వాత బ్యాంకు పంపే ఓటీపీ మన కన్నా ముందు దొంగకు చేరుతుంది. ఖాతా ఖాళీ అవుతుంది. మన కాంటాక్టుల్లో ఉన్న ప్రతివారికీ అదే శుభలేఖ వెళుతుంది. ఈసారి మన పేరుతో.

ఎన్నిసార్లు ఆగే అవకాశం దొరికిందో గమనించండి. ఫైలు పేరు దగ్గర ఒకసారి. ఫోను అడ్డుపడ్డప్పుడు ఒకసారి. అనుమతి అడిగినప్పుడు ఇంకోసారి. మన మెసేజ్‌లు చదువుతానని అడిగే శుభలేఖ ఈ లోకంలో ఎక్కడైనా ఉంటుందా? అడిగిన ప్రతిదానికీ అవునని నొక్కడం మనకు అలవాటైపోయింది. దొంగ బతుకుతున్నది ఆ అలవాటు మీదే.

ఇది నిన్నమొన్నటి ఎత్తు కాదు. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి ఒక ఈమెయిల్ బయల్దేరింది. ఐ లవ్ యూ అని దాని శీర్షిక. దానికి తగిలించిన ప్రేమలేఖ పేరు చివర టీఎక్స్‌టీ అని ఉండేది. దాని వెనక వీబీఎస్ అనే మరో మూడక్షరాలు ఉండేవి. విండోస్ చివరి అక్షరాలను దాచి చూపించేది కాబట్టి చాలామందికి అది మామూలు ఉత్తరంలా కనిపించింది. తెరిచిన ప్రతివారి చిరునామాల పుస్తకంలోంచీ అందరికీ అదే ఉత్తరం వెళ్లింది. పై అధికారి పేరుతో వచ్చింది, స్నేహితుడి పేరుతో వచ్చింది, భార్య పేరుతో వచ్చింది. బ్రిటిష్ పార్లమెంటు తన ఈమెయిల్ వ్యవస్థనే ఆపేయాల్సి వచ్చింది. ఇలాంటి పనిని శిక్షించే చట్టం అప్పటికి ఫిలిప్పీన్స్‌లో లేక నిందితుడు బయటపడ్డాడు. పాతికేళ్లు గడిచాయి. యంత్రాలు మారాయి, వేషాలు మారాయి. తెలిసినవారి పేరు కనిపిస్తే చాలు తెరిచేసే మన తీరు మాత్రం మారలేదు.

కాబట్టి మొదటి కర్తవ్యం అడగడం. పంపినవారికి ఫోను చేయండి. వాట్సాప్‌లోనే తిరిగి అడగవద్దు, ఆ వాట్సాప్ దొంగ చేతిలో ఉంటే అవునని దొంగే జవాబిస్తాడు. మామూలు కాల్ చేసి, బాబాయ్, ఆ శుభలేఖ మీరే పంపారా అని ఒక్క మాట అడగండి. అడిగితే ఆయన నొచ్చుకుంటారేమోనని జంకకండి. అడగకపోతే ఆయన ఫోను దొంగల పాలైందన్న సంగతి ఆయనకే తెలియదు.

రెండో కర్తవ్యం పరీక్షించడం. యాప్ కావాలంటే ప్లే స్టోర్‌కు వెళ్లండి. అక్కడ కూడా తయారుచేసినవారి పేరు చూడండి, ఆ దుకాణంలోకీ దొంగ సరుకు జొరబడిన సందర్భాలున్నాయి. కంప్యూటర్లో ప్రోగ్రాం కావాలంటే దాన్ని తయారుచేసినవారి వెబ్‌సైటుకే వెళ్లండి. వెతికితే పైన కనిపించే ప్రకటనను నమ్మవద్దు, డౌన్‌లోడ్ అని పచ్చగా మెరిసే ప్రతి మీటనూ నమ్మవద్దు. ఫైలు మీద అనుమానముంటే వైరస్‌టోటల్ అనే వెబ్‌సైటు ఉంది. 2004లో స్పెయిన్‌లో పుట్టింది, 2012లో గూగుల్ దాన్ని కొనేసింది. ఫైలును గానీ లింకును గానీ అక్కడ పెడితే డెబ్బై దాకా యాంటీవైరస్‌ల తీర్పు ఒక్కచోటే కనిపిస్తుంది. రూపాయి ఖర్చు లేదు. అయితే రెండు మాటలు గుర్తుంచుకోవాలి. అన్నీ పచ్చగా వచ్చినంత మాత్రాన ఫైలు మంచిదని కాదు, నిన్న రాత్రి తయారైన దొంగ ఫైలును ఈ ఉదయం ఎవరూ గుర్తుపట్టకపోవచ్చు. ఇక అక్కడ పెట్టిన ఫైళ్లను భద్రతా పరిశోధకులు తీసి చూడగలరు. ఆధార్ కాపీనో, పట్టాదారు పాసుపుస్తకాన్నో, పిల్లల మార్కుల జాబితానో పొరపాటున కూడా అక్కడ పెట్టవద్దు.

పెద్ద ప్రోగ్రాంలు ఇచ్చేవారు ఫైలు పక్కనే 64 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు ఇస్తారు. ఎస్‌హెచ్‌ఏ-256 అంటారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తో మన ఫైలు గుర్తును రాబట్టి పోల్చుకోవచ్చు. ఇదంతా అందరికీ ఎందుకని అనిపించవచ్చు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైటులోకి దుండగులు చొరబడి, ఒక డౌన్‌లోడ్ లింకును తమ దొంగ ఫైలు వైపు తిప్పారు. అసలు సైటుకే వెళ్లినవారు కూడా మోసపోయారు. పేజీయే దొంగ చేతిలో పడితే ఆ పేజీలో ఉన్న గుర్తునూ మార్చేయగలడు, కాబట్టి గుర్తును మరోచోట కూడా సరిచూసుకునే ఓపిక ఉండాలి. ఆ సంస్థ చేసిన ఒక పని మాత్రం మనమంతా నేర్చుకోదగినది. మరునాటికల్లా తమ సైటుకు ఏం జరిగిందో బయటపెట్టింది. ఏ రోజు దించుకున్న ఫైలు ప్రమాదమో చెప్పింది. ఎలా సరిచూసుకోవాలో చెప్పింది. దాచలేదు.

ఇక్కడ నెట్ సెంటర్లూ, డీటీపీ దుకాణాలూ నడిపే సోదరులతో ఒక మాట చెప్పాలి. ఊరందరి ఆధార్ మీ కంప్యూటర్ గుండానే పోతుంది. ఊరందరి రేషన్ కార్డు, ఊరందరి హాల్ టికెట్ మీ స్కానర్ మీదే పడతాయి. అలాంటి కంప్యూటర్లో పేజ్‌మేకర్‌కో ఫొటోషాప్‌కో క్రాక్ ఎక్కిస్తున్నప్పుడు, ముందు యాంటీవైరస్ ఆపేయండి అని అందులో రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని మరోసారి చదవండి. కాపలాదారును పక్కకు పంపమని అడిగేవాడు ఎవడు? డబ్బు మిగులుతుందన్న మాట నిజమే. ఆ మిగులుకు పణంగా పెట్టింది మీ కంప్యూటర్ ఒక్కటే కాదని మాత్రం మరచిపోవద్దు. ఉచితంగా, న్యాయంగా దొరికే లిబ్రెఆఫీస్, గింప్ ఉన్నాయి. నేర్చుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది. పట్టనివ్వండి.

డ్వాక్రా సంఘం లీడరు ఫోనులో సభ్యులందరి లెక్కలుంటాయి. ఉపాధ్యాయుడి ఫోనులో తల్లిదండ్రులందరి నంబర్లుంటాయి. గుడి కమిటీ వారైనా, చర్చి పెద్దలైనా, మసీదు కమిటీ వారైనా అంతే. పదవి చిన్నదైనా నమ్మకం పెద్దది. బస్సులో ఎవరో చేతిలో పెట్టిన మూటను విప్పకుండా ఊళ్లోకి మోసుకెళ్లం. ఫార్వర్డ్ చేయడం కూడా అలాంటి మోతే. వాట్సాప్‌లో గ్రూపు అడ్మిన్‌కు ఎవరు పెట్టిన మెసేజ్‌నైనా అందరి తెరల మీంచి తీసేసే వీలుంది. ఆ వీలు ఉన్నవాడికి ఆ బాధ్యతా ఉంది. ఏపీకే కనిపించిన నిమిషంలో తీసేయండి. తీసేసి ఊరుకోకుండా, ఎందుకు తీశారో రెండు ముక్కలు తెలుగులో రాయండి.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు నొక్కుతారు. అప్పుడు మన ప్రవర్తనే అసలు పరీక్ష. నీకెన్నిసార్లు చెప్పాను అని నాన్నమ్మను కసరకండి. కసిరితే మరోసారి ఆమె దాచిపెడుతుంది. దాచిన ప్రతి గంటా దొంగకు లాభం. వెంటనే డేటా, వైఫై ఆపండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి. 1930కు కాల్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్ల డబ్బు పోతే బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే, తెలియజేశాక జరిగే నష్టం బ్యాంకుది. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారేలోపే పట్టుకోవాలి. ఆ తర్వాత గ్రూపులో చెప్పండి, నా పేరుతో ఫైలు వస్తే తెరవకండి అని. సిగ్గుపడాల్సింది దొంగ. చెప్పినవారు పదిమందిని కాపాడినవారు.

డాలస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నా ఇంటికి వీడియో కాల్ చేస్తాం కదా. ఈ ఆదివారం కాల్‌లో ఒక పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఫోను సెట్టింగ్స్ తెరిపించండి. తెలియని యాప్‌లను ఎక్కించే అనుమతి, అంటే ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అనే చోటు ఎక్కడుందో వెతికించండి. వాట్సాప్ ఎదుట మీట తెరిచి ఉంటే మూయించండి. క్రోమ్ ఎదుట ఉంటే మూయించండి. ఫైల్ మేనేజర్ ఎదుట ఉంటే మూయించండి. 1930ని నాన్న ఫోనులో, అమ్మ ఫోనులో సేవ్ చేయించండి. ఊళ్లోనే ఉన్నవారు అక్కడితో ఆగవద్దు. పక్కింటి పెద్దాయనకు పిల్లలు దగ్గర లేరు, ఆయన ఫోనూ అడిగి తీసుకోండి. తర్వాత వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లండి.