ఏ జాబితాలోంచి తీసేస్తారు?

మతం మారినవాళ్లు ఆదివాసీలు కారు, ఎస్టీ జాబితాలోంచి తీసేయండి అంటున్నారు బయట కొందరు. డీలిస్టింగ్ అని దానికో పేరు. మన సంఘపెద్దలు ఆ మాటకి మండిపడతారు. న్యాయమే. మరి ఆ పెద్దలే మమ్మల్ని క్రైస్తవుల్లోంచి తీసేస్తే దాన్నేమనాలి? మేం ఆదివాసీలం, విశ్వాసులం, క్వీర్ మనుషులం. మాలో మగవాణ్ణి ప్రేమించిన మగవాడున్నాడు, చీర కట్టుకునే ట్రాన్స్ అక్క ఉంది. క్రిస్మస్‌కి డోలు కొట్టడానికి మేం కావాలి, ప్రభు బల్ల దగ్గరికి మాత్రం రాకూడదు.

ఇది తెల్లవాళ్ల రోగమట! తెల్లవాళ్లు తెచ్చింది 377 సెక్షన్, 1860 నాటి శిక్షాస్మృతిలో. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మామీద నేరం తీసేసింది. మందిరం ఇంకా తీయలేదు.

వాక్యం చూపిస్తారా, చూద్దాం. మర్మాంగం కోయబడినవాడు సమాజంలో చేరరాదని ద్వితీయోపదేశకాండం 23లో ఉంది, నిజమే. యెషయా 56కి వచ్చేసరికి దేవుడే నపుంసకులకు తన ఇంట్లో చోటిచ్చాడు. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు ఐతియొపీయ నపుంసకుడి రథమెక్కి పక్కన కూర్చున్నాడు, దారిలో నీళ్లు కనబడితే దిగి బాప్తిస్మమిచ్చాడు. ముందు పెళ్లి చేసుకుని రమ్మనలేదు.

మాకూ మన వాగులోనే ఇచ్చారు బాప్తిస్మం. వచ్చే ఆదివారం బల్ల దగ్గరికి వస్తాం. రొట్టె ఇవ్వననే పెద్ద, ఏ వచనం ప్రకారమో సంఘం ముందు నిలబడి చెప్పాలి.